నూటికి నూరుపాళ్ళ నటుడు

చల్లా పానకాలు గొంతు ఎలా ఉంటుందో తెలుగు సినిమా చూసే ప్రతివాళ్ళకీ తెలుసు. ఆ గొంతు పానకాలుది కాదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. తెరమీద ఆయన జమీందారు వేషంలో మెట్లు దిగుతూ "ఎవడ్రా అక్కడ!" అన్నాడంటే హాల్లో వేరుశెనక్కాయలు ఒలిచేవాళ్ళ చేతులు ఆగిపోయేవి. అదే పానకాలు ఇంట్లో కూర్చుని మంచినీళ్ళడిగితే పక్కగదిలో ఉన్న భార్య సర్వలక్ష్మికి వినపడేది కాదు. రెండోసారి అడిగితే పిల్లి ఏదో పాలగిన్నె దగ్గర చేరిందనుకుని ఆవిడ వంటింట్లోకి పరిగెత్తిన రోజులున్నాయి.

మనిషి మాత్రం నిలువెత్తు విగ్రహం. ఆ భుజాలూ, ఆ మీసమూ చూసి వెనకటికొక డైరెక్టరు ముచ్చటపడి జమీందారు వేషం ఇచ్చాడు. మొదటి షాట్‌లో పానకాలు నోరు తెరిచాడు. లైట్లు పట్టుకున్నవాళ్ళతో సహా అందరూ అటుతిరిగి నవ్వుకున్నారు. డైరెక్టరు నవ్వలేదు. "మనిషిని ఉంచండి, గొంతు మార్చండి" అన్నాడు. అంతే, ఆ మాట శాసనమైపోయింది. నలభై ఏళ్ళపాటు సినిమాల్లో జమీందార్లూ, సర్పంచులూ, హీరోయిన్ తండ్రులూ, ఆ తర్వాత సీరియళ్ళలో ఏళ్ళ తరబడి చావని పెద్ద మామగార్లూ అందరూ పానకాలు మొహంతో తిరిగారు, వేరొకరి గొంతుతో మాట్లాడారు.

గొంతు ఎలాగూ తీసేస్తారు కదా అని కొందరు నటులు కెమెరా ముందు ఒకటీ రెండూ మూడూ అని అంకెలు చదివి ఊరుకుంటారు. పెదవులు కదిలితే చాలు. పానకాలు ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు. రాసిచ్చిన ప్రతి ముక్కా కంఠతా పట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకోవలసినచోట పెట్టుకుని, తన సన్నటి గొంతుతో ప్రాణంపెట్టి చెప్పేవాడు. మర్నాడు దాన్ని తుడిచిపారేసేవాళ్ళు.

అలాంటి పానకాలుకి నట శిఖర పురస్కారం ఇస్తున్నామని కబురొచ్చింది. ఇచ్చేది రాష్ట్ర నట ప్రామాణికతా మండలి. ఆయన కబురు తెచ్చిన మనిషిని పంపేసి, తలుపేసి, వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

"లచ్చిమీ, శాలువా కప్పినాక మైకు ఇస్తారంట."

"ఇస్తే?"

"అక్కడ డబ్బింగు ఉండదు గదే. ఒక్కసారి... ఒక్కసారి నలుగురిలో నా నోటితో నేను మాట్లాడతా."

సర్వలక్ష్మి పోపు దించి ఆయనవైపు తిరిగింది. "మాట్లాడండి. నవ్వేవోళ్ళు నవ్వుతారు. ఇన్నేళ్ళూ నేను వినట్లా?"

ఆ రోజు నుంచీ పానకాలు అద్దం ముందు ప్రసంగం అభ్యాసం మొదలుపెట్టాడు. పురస్కారం ఆయనకి ముఖ్యం కాదు. శాలువాలు ఇంట్లో చాలా ఉన్నాయి, చలికాలంలో పనిమనిషికి కూడా ఇచ్చారు. ఆయనకి కావలసింది మైకు.

అప్పట్లో ప్రభుత్వానికి ప్రామాణికత అనే జబ్బు కొత్తగా పట్టుకుంది. నెయ్యి అసలుదా కాదా, తేనె అసలుదా కాదా అని పరీక్షించి పరీక్షించి, అవి రెండూ ఎక్కడా అసలువి దొరక్క, చివరికి కళాకారుల మీద పడింది. పురస్కారం పుచ్చుకునే నటుడు అసలు నటుడేనని నూటికి నూరుపాళ్ళు తేలాలని నిబంధన పెట్టారు. తేల్చడానికి ఒక యంత్రం కొన్నారు. ఆ యంత్రాన్ని ఆడించడానికి చేపల శాఖ నుంచి తుమ్మగుంట విశ్వపతి గారిని కార్యదర్శిగా తెచ్చారు. ఆయన చేపల శాఖలో ఉండగా కొర్రమీనుకి కులధ్రువీకరణ అడిగినంత నిక్కచ్చి మనిషని పేరు.

పానకాలు యంత్రం ముందు కూర్చుని "ఎవడ్రా అక్కడ" అన్నాడు. యంత్రం ఆయన పాత సినిమాలతో పోల్చి చూసి ఎర్రలైటు వెలిగించింది.

విశ్వపతి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "పానకాలు గారూ, తమరు ఆందోళన చెందరాదు. యంత్ర పరిశీలనానంతరం మండలికి అవగతమైనదేమనగా, తమరి స్వరమునకూ చల్లా పానకాలు గారి స్వరమునకూ ఏ విధమైన సారూప్యమూ లేదు."

"నేనే గదండీ పానకాలుని."

"ఆ విషయమై ప్రస్తుతం మండలి ఒక అభిప్రాయమునకు రాజాలదు."

ఇక్కడే పానకాలు ఊరుకుని ఉంటే, జలుబు చేసిందని చెప్పి ఉంటే, ఈ కథ ఇంతటితో అయిపోయేది. కానీ సినిమావాళ్ళకొక అలవాటుంది. సక్సెస్ మీట్లకి వెళ్ళీ వెళ్ళీ వచ్చిన అలవాటది. నలుగురు పెద్దమనుషులు ఎదురుగా కూర్చుని కనిపిస్తే చాలు, ఎవరెవరు ఏమేం చేశారో పేరుపేరునా పొగిడితే గాని వాళ్ళకి తిన్నది అరగదు. పానకాలు లేచి నిలబడి చేతులు జోడించాడు.

"అది అప్పలాచారి గొంతండి. కుప్పిలి అప్పలాచారి. బెమ్మాండంగా చెబుతాడు. నాకీ పేరొచ్చిందంటే సగం ఆయన చలవే."

"సగము," అన్నారు విశ్వపతి గారు సభ్యులవైపు తిరిగి. సభ్యులు తలలూపారు. పానకాలులో సగం అక్కడికక్కడే పోయింది.

వారం తిరిగేసరికి అప్పలాచారిని పిలిపించారు. నలభై ఏళ్ళుగా ఒకరి మొహం, ఒకరి గొంతు కలిసి బతికినా, వాళ్ళిద్దరూ సరిగ్గా కలుసుకున్నది లేదు. షూటింగు ఒకచోట, డబ్బింగు ఇంకోచోట. వరండాలో బల్లమీద ఒక చిన్న మనిషి, చెవులకి మఫ్లరు చుట్టుకుని, కాళ్ళు నేలకి ఆనకుండా కూర్చుని ఉన్నాడు. పానకాలుని చూడగానే దిగి నిలబడ్డాడు.

"దండాలు బావూ!"

ఆ ఉరుముకి మండలి బంట్రోతు కుర్చీలోంచి లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. పానకాలుకి ఒళ్ళు ఝల్లుమంది. తన గొంతు తనకెదురుగా నిలబడి తనకే దండం పెడుతోంది.

"ఆచారీ, ఇన్నాళ్ళకి చూశానయ్యా నిన్ను."

"నాను మిమ్మల్ని రోజూ సూసినాను కాదేటి! మీ పెదాలు నాకు తెలిసినట్టు మీ ఇంటావిడకి కూడా తెలీదండి. కోపం వచ్చినపుడు ఎడం పెదవి ముందు లెగుస్తాది మీకు. అంకెలు సదివే మారాజులకి మాటలు అతికించడం ఎంత నరకమో! మీకైతే ఏటుంది, మీరు అన్నమాటే నానూ అనీడమే."

పానకాలుకి కళ్ళు చెమర్చాయి. తను చెప్పిన మాటలన్నీ గాలిలో కలిసిపోయాయనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒక్క మనిషైనా వాటిని గమనించాడు.

లోపలికి వెళ్ళాక విశ్వపతి గారు అప్పలాచారితో గంభీరంగా అన్నారు: "పానకాలు గారియందు సగభాగము తమరిదని మండలి నిర్ధారించినది. అభినందనలు."

ఆచారి కూడా సినిమావాడే. అతనూ లేచి చేతులు జోడించాడు. "నాదేటున్నాదండి! ఆ వికటాట్టహాసం ఉన్నాది సూడండి, జనం దానికే బెదిరిపోయీవోరు. అది నాది కాదు. నాకు ఆయాసం బావూ, అంత నవ్వలేను. ఏనాడో పోయిన మారాజొకాయన నవ్వి ఎల్లిపోనాడు. ఆ నవ్వే అన్ని సినిమాలకీ అతికించీవోరు."

"నవ్వు, దివంగతులు," అన్నారు విశ్వపతి గారు. సభ్యులు రెండు నిమిషాలు మౌనం పాటించారు.

ఆ తర్వాత విచారణ ఊపందుకుంది. గుర్రం ఎక్కింది ఎవరని అడిగితే పానకాలు డూపు పేరు చెప్పి, ఎంత ధైర్యవంతుడో వర్ణించాడు. మెట్లు దిగే కాళ్ళు ఎవరివంటే, మోకాళ్ళ నొప్పులొచ్చినప్పటి నుంచి అసిస్టెంటు డైరెక్టరువని చెప్పి, ఎంత కుదురైన నడకో అన్నాడు. చదరంగం ఆడే చేతులు మేనేజరువి. మీసం మేకప్‌మేన్‌ది. "మరి కన్నీళ్ళు?" అని అడిగారు ఆశగా ఒక సభ్యుడు. "నావేనండి," అన్నాడు పానకాలు సంతోషంగా. ఆపైన నిజాయితీ గల మనిషి కావడం చేత, "కొంచెం గ్లిజరిన్ రాసేవాళ్ళు లెండి," అని కలిపాడు.

మండలి పత్రికల్లో ప్రకటన వేసింది. చల్లా పానకాలు గారియందు భాగము కలవారు తగు ఆధారములతో హాజరు కావలెను. మండలి ఆవరణ పెళ్ళివారిల్లులా తయారైంది. చేతులవాళ్ళొచ్చారు, కాళ్ళవాళ్ళొచ్చారు, వెనక్కి తిరిగి నిలబడ్డ షాట్లలో ఆ వీపు నాదేనని ఒకాయన చొక్కా విప్పి నిలబడ్డాడు. గుర్రం తరఫున గుర్రం మనవణ్ణి తీసుకొచ్చారు. ఒక ఆసామి వచ్చి, ఫలానా సినిమాలో పానకాలు గారు కూర్చున్న పడక్కుర్చీ మాదేనని, సీను నిలబడింది దానివల్లేనని వాదించాడు. ఆ వాదన కొట్టిపారేయడం మండలికి చేతకాలేదు.

చివరికి విశ్వపతి గారు తేల్చారు. "పురస్కారము అవిభాజ్యము. దానిని ముక్కలుగా పంచుటకు నిబంధనలు అనుమతించవు. నూరుపాళ్ళూ స్వంతమైన అంశము ఏదైననూ ఉన్నచో దానికే ఇవ్వవలసి ఉన్నది."

"అయ్యా, మరి నాదంటా ఏమన్నా మిగిలిందాండీ?" అన్నాడు పానకాలు.

"మండలి అదియే అన్వేషించుచున్నది."

పానకాలు గొంతులో భయం నిజమైనది. పురస్కారం పోతే మైకు పోతుంది. ఇంకోసారి ఎవరిస్తారు? బయట వరండాలో కూర్చుని, తనది అనదగ్గది ఏముందా అని నలభై ఏళ్ళూ వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ఉన్నట్టుండి లేచి లోపలికి పరిగెత్తాడు.

"శవం! అయ్యా, శవం నాదేనండి! ఇంటర్వెల్‌కి ముందు చచ్చిపోయేది ఎప్పుడూ నేనే. దానికి డబ్బింగు లేదు, నడక లేదు, నవ్వు లేదు!"

మండలిలో చాలారోజులకి వెలుగు వచ్చింది. వెంటనే పరీక్ష ఏర్పాటు చేశారు. సమావేశపు బల్లమీద టీ గ్లాసులు తీయించి పానకాలుని పడుకోబెట్టారు, తెల్లదుప్పటి కప్పారు, సభ్యులు చుట్టూ నిలబడ్డారు. పానకాలు కళ్ళు మూసుకుని, జీవితంలో ఏ వేషానికీ చూపనంత శ్రద్ధతో చచ్చిపోయాడు. విశ్వపతి గారు వంగి పొట్టవైపు చూశారు. దుప్పటి సన్నగా లేచి పడుతోంది.

"తమరు శ్వాసించుచున్నారు," అన్నారు నొచ్చుకుంటూ.

"కాస్త తప్పదు గదండీ."

"శవముగా ఉన్న కాలమున శ్వాసించుట ప్రామాణికత కిందకు రాదు."

పానకాలు లేచి కూర్చున్నాడు. ఇక్కడైనా ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "నిజమేనండి. కెమెరాలో కూడా పొట్ట కదుల్తందని తిట్టేవాళ్ళు. అందుకే దూరం షాట్లలో బొమ్మని పడుకోబెట్టేవాళ్ళు. దాందే గొప్ప. నాకంటే బాగా చేసేది."

సభ్యులు ఒక్కసారిగా తలలెత్తారు.

"ఏ బొమ్మ?" అన్నారు విశ్వపతి గారు.

గడ్డి కూరి, గోనెగుడ్డ చుట్టి, పానకాలు వేసుకునే బట్టలే తొడిగిన బొమ్మ అది. కొండమీద నుంచి తోసెయ్యాల్సి వచ్చినా, చితిమీద పడుకోవాల్సి వచ్చినా, లారీ గుద్దెయ్యాల్సి వచ్చినా దాన్నే వాడేవారు. ఒక స్టూడియో గిడ్డంగిలో, పాత సింహాసనాల వెనక దుమ్ముకొట్టుకుని పడుంటే, మండలి జీపు వేసుకెళ్ళి గౌరవంగా తీసుకొచ్చింది. యంత్రం ముందు కూర్చోబెట్టారు. డబ్బింగు చెప్పించుకుందా? లేదు. డూపుని పెట్టుకుందా? లేదు. గ్లిజరిన్ వాడిందా, శ్వాసించిందా? లేదు, లేదు. యంత్రం కొన్న తర్వాత మొదటిసారి పచ్చలైటు వెలిగింది. విశ్వపతి గారు లేచి నిలబడ్డారు.

"నూటికి నూరు! మండలి ఆవిర్భావము నుండి ఇట్టి నటుని ఎరుగము."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే సర్వలక్ష్మి చేతిలోని చేట విసిరికొట్టింది. "గడ్డిబొమ్మకా! శాలువా గడ్డిబొమ్మకా కప్పేది? వాళ్ళ మొహాన మన్నుబొయ్య! మీరు ఆ గడప తొక్కారంటే నా మీద ఒట్టే!"

ఆ ఒట్టు ఇంకా గాలిలో ఉండగానే ఫోను మోగింది. విశ్వపతి గారు.

"పానకాలు గారూ, సభామర్యాద ప్రకారము పురస్కార గ్రహీత స్పందన ప్రసంగము చేయవలసి ఉన్నది. గ్రహీతకు స్వరము లేనందున డబ్బింగు తప్పనిసరి అగుచున్నది."

"డబ్బింగు ఉంటే పనికిరాదన్నారు గదండీ?"

"ప్రసంగము నటన కానందున నిబంధన వర్తించదు. చిక్కు ఏమనగా, రాష్ట్రములోని డబ్బింగు కళాకారుల స్వరములన్నియూ ఇదివరకే ఏదో ఒక నటుని పేర నమోదై ఉన్నవి. యంత్రముచే వెదికించగా, ఇంతవరకు తెరమీద ఎవరికీ చెందని స్వరము ఒక్కటే కనుగొనబడినది. అది తమరిది."

పానకాలు ఫోను పెట్టేశాడు. అవమానం ఆయనకి అర్థం కాక కాదు. తను వేసిన వేషాలకి సన్మానం గడ్డిబొమ్మకి, తను దాని వెనక నిలబడి మాట్లాడాలి.

"ఏమంటాడు ఆ సచ్చినోడు?" అంది సర్వలక్ష్మి.

"మైకు ఇస్తారంట లచ్చిమీ."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఒట్టు తీసి గట్టున పెట్టింది. తెర వెనక ఎవరికీ కనపడడని తెలిసీ, సభ రోజున ఆయన తెల్లచొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

హాలు కిటకిటలాడిపోయింది. వేదిక మధ్య సింహాసనంలాంటి కుర్చీలో పట్టుపంచె కట్టుకుని బొమ్మ కూర్చుంది. మంత్రిగారు శాలువా కప్పితే అది ముందుకు వాలింది. "ఎంత వినయం!" అన్నారు మంత్రిగారు మైకులో. మాకు ఇలాంటి నటులే కావాలన్నారు, చెప్పింది చేస్తారని, ఎదురు మాట్లాడరని. బొమ్మ మెడలోంచి రెండు గడ్డిపోచలు రాలితే ముందువరసలో ఒకావిడ లేచొచ్చి భక్తిగా ఏరుకుంది. తర్వాత, గ్రహీత స్పందిస్తారని ప్రకటించారు.

తెర పక్కన చీకట్లో పానకాలు మైకు పట్టుకున్నాడు. పక్కన అప్పలాచారి, చెమట తుడుచుకోమని తన మఫ్లరు ఇచ్చాడు. మండలి రాసిచ్చిన కాగితం చూసి పానకాలు మొదలెట్టాడు. "ఈ మహత్తర పర్వదినమున..."

సన్నగా లేచిన ఆ గొంతు రెండో మాట దగ్గర విరిగింది. హాలు ఘొల్లుమంది. ఎవరో ఈల వేశారు. "సౌండ్! సౌండ్!" అని వెనకనుంచి అరిచారు. పానకాలు ఆగిపోయాడు. వెనకటి ఆ మొదటి షాట్ కళ్ళముందు నిలిచింది. ఇక నోరు పెగలదనుకున్నాడు.

మూడోవరసలోంచి ఒక ఆడగొంతు లేచింది. "కొంచెం గట్టిగా చెప్పండీ! ఇక్కడికి వినపడట్లా!"

పానకాలు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యా, అమ్మా, నాకు మాటలు రాక మాట్లాడలేదనుకోబాకండి. రాసిచ్చిన ప్రతి ముక్కా నేర్చుకునేవాణ్ణి. అది పనికిరాదని నాకు తెలుసు. అయినా నేర్చుకునేవాణ్ణి. కొండమీద నుంచి తోశారు, పడ్డాను. లారీ కింద తోశారు, పడ్డాను. పడ్డాక కెమెరా ఇంకొకరి మొహం మీదికి పోద్ది. పోనియ్యండి, వేషమంటే అంతే. మళ్ళీ తోస్తామంటే మళ్ళీ పడతా. కానీ ఎప్పుడన్నా ఒకసారి, దెబ్బ తగిలిందా అని అడిగితే బాగుండని ఉండేది. అడిగితే చెప్పటానికి నా గొంతు బాగుండదు. నవ్వొస్తది. నవ్వండి, తప్పేం లేదు. అయినా ఇది నాదండి. నలభై ఏళ్ళుగా దాచిపెట్టుకుంది. ఇయ్యాల మీకు వినిపించా. అదే నాకు సన్మానం. నా పేరు చల్లా పానకాలు. మాది పెదవడ్లపూడి. సెలవు."

ఏవి బొమ్మ మాటలో, ఏవి తన మాటలో ఆయనకే తెలియలేదు. పేరు చెప్పాలని మాత్రం అనుకోలేదు. పలక్క పలక్క పలికిన నోరు, దానంతటదే చెప్పేసింది.

హాల్లో నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. మంత్రిగారు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నారు. ఉన్నట్టుండి జనం మొత్తం లేచి నిలబడ్డారు. చప్పట్లు ఆగలేదు. అందరూ వేదికమీద బొమ్మవైపు చూస్తూ కొట్టారు. మూడోవరసలో సర్వలక్ష్మి ఒక్కతే పక్కకు తిరిగి, తెరవైపు చూస్తూ కొట్టింది.

"ఒక్క ముక్క పొల్లుపోలేదు బావూ," అన్నాడు అప్పలాచారి. ఆ ఉరిమే గొంతు అప్పుడు గుసగుసలాడింది. "నా జన్మలో ఇలాటిది సెప్పలేను."

జనం వేదికెక్కి బొమ్మ కాళ్ళకి దండాలు పెడుతుండగా విశ్వపతి గారు తెర వెనక్కి వచ్చారు. ఆయన ముక్కు కూడా ఎర్రబడి ఉంది.

"అద్భుతము! గ్రహీత హృదయమును ఆవిష్కరించినారు. పైగా తమ నామధేయమును స్వయముగా వెల్లడించుట వలన మండలికి గొప్ప ఉపకారము జరిగినది. ఫలకముపై చల్లా పానకాలు అని చెక్కుటకు ఉత్తర్వులిచ్చితిమి. కాకపోతే ఒక సాంకేతికమైన ఇబ్బంది." ఆయన గొంతు తగ్గించారు. "అదే పేరుతో తమరు కూడా చలామణి అగుచున్నారు. ఒకే పేరున ఇరువురు నటులుండుట ప్రామాణికతకు భంగకరము. ప్రామాణికత రుజువైన వారికే పేరు చెందును. కావున ఇకమీదట తమరు ఆ పేరు వాడరాదు."

పానకాలు నోరు తెరిచాడు.

సర్వలక్ష్మి అప్పటికే జనాన్ని తోసుకుని వచ్చి వెనక నిలబడి అంతా విన్నది. కొంగు నడుంచుట్టూ దోపుకుని ముందుకొచ్చింది.

"పేరేగా? ఉంచుకోండయ్యా. మీ గడ్డిబొమ్మకే ఉంచుకోండి. పెళ్ళయిన కాణ్ణుంచి నేనాయన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలా. దానివల్ల మా ఇంట్లో ఏ పనీ ఆగలా."

అని మొగుడివైపు తిరిగింది. "ఏమండీ!"

"ఆఁ," అన్నాడు ఆయన. "వస్తన్నా పద."